మనలో ఒకరి తండ్రి

మా మఠంలో ఒక ఆచారం ఉండేది. ఎవరింట్లో చావు జరిగినా, ఫలానా సిస్టర్ ఇంట్లో అని చెప్పరు. భోజనాల బల్ల దగ్గర మదర్ చెంచాతో పళ్ళెం మీద తట్టి, "మనలో ఒకరి తల్లి ప్రభువు సన్నిధికి వెళ్ళారు" అంటారు. అంతే. ఎవరి తల్లి అని అడగకూడదు. అందరూ తమ తల్లే పోయినట్టు ప్రార్థించాలి. బయటివాళ్ళకి ఈ మాట చెబితే "ఆహా, ఎంత గొప్ప మనసులో" అంటారు. ఎందుకనరు? వాళ్ళ సొమ్మేం పోయింది?

అక్కడ నన్ను సిస్టర్ వెరోనిక అనేవాళ్ళు. ఇంట్లో నా పేరు రుక్కి. నర్సింహులపేట దగ్గర తండా మాది. మానుకోటలో సిస్టర్ల హాస్టల్లో ఉండి చదువుకుంటున్నప్పుడు నాకు దేవుడి పిచ్చి పట్టింది. బడి నడిపే సిస్టర్లలోనో, దవాఖాన నడిపే సిస్టర్లలోనో చేరి ఉంటే మా బాపు ఏదోలా సర్దుకునేవాడేమో. నేను పోయి చేరింది జనగామ అవతల, నిలువెత్తు గోడ వెనక ఉన్న మఠంలో. లోపలికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ బయటికి రారు. ప్రార్థన, మౌనం, మధ్యలో పని. చర్చిల్లో పూజకి వాడే తెల్లటి పల్చటి అప్పాలు కాల్చడం మా పని. ఇంటివాళ్ళు నెలకోసారి వచ్చి, ఇనుప జాలీకి అటువైపు కూర్చుని మాట్లాడి వెళ్ళవచ్చు. పక్కన ఇంకో సిస్టర్ కూర్చుని వింటుంది. ఆవిడకి అర్థం కావాలి కనక మా లంబాడా భాష పనికిరాదు, తెలుగులోనే మాట్లాడాలి. కన్నతల్లితో కూడా!

మా యాడి, అంటే అమ్మ, తుల్సీబాయి ప్రతి నెలా వచ్చేది. బాపు అమర్‌సింగ్ గేటు దాకా వచ్చి ఆగిపోయేవాడు. బయట రాయి మీద కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. "జైల్ల ఏసినోళ్లనైతే సూడనీకి పోవచ్చు. నడిసిపోయి జైల్ల కూసున్నదాన్ని ఏం సూడాలె?" అనేవాడట. ఏడేళ్ళు అలాగే గడిచాయి. ఏడేళ్ళుగా నేను దేవుణ్ణి అడిగింది ఒక్కటే. మా బాపు ఒక్కసారి ఆ గేటు దాటి వచ్చి నా ఎదురుగా కూర్చోవాలి. తిట్టినా సరే. మోక్షం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఆ సంవత్సరం తపస్సుకాలానికి, అంటే ఈస్టర్ ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాలకి, ముందు యాడి ఒక్కతే వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"నీ బాపు తొర్రూరుల తెలంగాణ దీక్ష టెంటుల కూసుంటాండు. మనిషి మెత్తబడ్డడు బిడ్డా. పొద్దంత కడుపు మాడ్సుకుంటే ఏందో గిప్పుడు ఎరుకైందట. 'మన రుక్కి గూడ గట్లనే ఉంటది గదనే' అన్నడు. హైదరాబాద్ పోయొచ్చి, నిన్ను సూడనీకి లోపటికి వస్తనన్నడు."

"నిజంగనా యాడీ?"

"నీ తోడు."

ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

కానీ తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు జాలీ గది మూసేశారు. తపస్సుకాలమంతా మాకు చూపుల్లేవు, ఫోన్లు లేవు. ఈస్టర్ దాకా, మా మాటలో పాస్కా పండుగ దాకా, ఒంటిపూట భోజనం, రాత్రికి ఒక్క రొట్టె, చెప్పుల్లేని కాళ్ళు. మరునాడే హైదరాబాదులో మిలియన్ మార్చ్. దాని గురించి మాకు ఎవరూ చెప్పలేదు గాని, రోడ్డు మీద 'జై తెలంగాణ' కేకలు గోడ దాటి మా గుడిలోకి వచ్చేవి. మదర్ బియాత్రీస్ కిటికీలు వేయించేవారు. ఆవిడది గుడివాడ వైపు. "శాంతి కోసం ప్రార్థించండి" అనేవారు. ఎవరి శాంతి? అక్కడి సిస్టర్లలో ఈ జిల్లాల మనిషిని నేనొక్కదాన్నే. నోరుజారి 'గిది' అన్నానంటే బల్ల చుట్టూ ముసిముసి నవ్వులు. నవ్వనిది సిస్టర్ అగాత ఒక్కతే. ఆమెది తెనాలి. అప్పాల పొయ్యి దగ్గర నేనూ ఆమే జోడీ.

బాపు వచ్చి ఉంటాడా, గేటు దగ్గర కాపలా ఉండే ఊరామె రూతు పండుగ తర్వాత రమ్మని చెప్పి ఉంటుందా అని రోజూ అనుకునేదాన్ని. పోనీలే, ఏడేళ్ళు ఆగినవాడు పాస్కా దాకా ఆగలేడా అని సర్దిచెప్పుకునేదాన్ని. మొండివాడు. మాటంటే మాటే.

తపస్సుకాలం సగం గడిచాక ఒక మధ్యాహ్నం మదర్ చెంచాతో పళ్ళెం మీద తట్టారు.

"మనలో ఒకరి తండ్రి ప్రభువు సన్నిధికి వెళ్ళారు. ఆయన మనందరికీ తండ్రి."

తండ్రి బతికున్నవాళ్ళం కొద్దిమందిమే. తల ఎత్తకూడదు, అయినా అందరం దొంగచూపులు చూసుకున్నాం. అందరి కళ్ళూ పోయి అగాత మీద ఆగాయి. వాళ్ళ నాన్నకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకుంటే తప్ప మనిషి నిలవడని మాకందరికీ తెలుసు. ఇక వేరే ఎవరై ఉంటారు? మా బాపా? అరవై దాటినా గొడ్డలి పట్టాడంటే తుమ్మమొద్దు రెండు ముక్కలయ్యేది. ఆ ఆలోచన నా దగ్గరికే రాలేదు.

పొయ్యి దగ్గర అప్పాలు మాడుతున్నా అగాత తీయడం లేదు. మౌనం తప్పి, ఆమెను పట్టుకుని చెవిలో అన్నాను.

"ఏడువు అక్కా. లోపట పెట్టుకోకు."

ఆ మాటతో ఆమె కూలబడిపోయింది. "నాన్న నన్ను చూడకుండానే పోయాడే" అని నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎన్నడూ చూడని ఆ తెనాలి ఆయన కోసం గుండెలు పగిలేలా ఏడ్చాను. అప్పుడే ఎవరో వచ్చిన అలికిడైతే తలెత్తి చూశాను. గుమ్మంలో మదర్ నిలబడి ఉన్నారు. మమ్మల్నిద్దర్నీ చూశారు. ఏదో అనబోయి, అనకుండానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

అప్పటినుంచి అగాత పని కూడా నేనే చేశాను. నా రాత్రి రొట్టె ఆమె పళ్ళెంలో వేశాను. సాయంత్రాలు చేతులు బారజాపి, మోకాళ్ళ మీద నిలబడి ఆమె తండ్రి ఆత్మ కోసం ప్రార్థించాను. భుజాలు పీకేవి. పరాయి తండ్రి కోసం ఇంత కష్టపడుతున్నానే అని లోలోపల గర్వపడ్డాను కూడా. తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

పాస్కా పండుగ వచ్చింది. గంటలు కొట్టారు, జాలీ గది తెరిచారు. ముందు అగాతకి పిలుపొచ్చింది. నేను వరండాలో నా పిలుపు కోసం చూస్తున్నాను. ఇవాళ బాపు వస్తాడు. వచ్చాడంటే ఏమనాలి, ముందు నవ్వాలా, ఏడవాలా అనుకుంటూ ఉండగా లోపల్నుంచి కేక వినిపించింది.

"నాన్నా! అయ్యో, నాన్నా! బతికే ఉన్నావా?"

ముందు నాకూ సంతోషమే కలిగింది. అమ్మయ్య, బతికే ఉన్నాడు, మనమే పొరబడ్డాం అనుకున్నాను. ఆ తర్వాత ఇంకోటి తట్టింది. ఆయన కాకపోతే మరి ఎవరు?

అగాత నవ్వుతూ, ఏడుస్తూ బయటికి వచ్చి నన్ను చూసి ఆగిపోయింది. ఆమెకీ అదే తోచినట్టుంది. అప్పుడే రూతు గంట కొట్టింది. "వెరోనిక సిస్టర్‌కు ఇంటోళ్లు వచ్చిండ్రు."

జాలీకి అటువైపు యాడి కూర్చుని ఉంది. చెంపల పక్కన ఊగాల్సిన వెండి ఘుగ్రీలు లేవు. మోచేతుల పైదాకా ఉండే గాజులూ లేవు. చేతులు బోసిగా ఉన్నాయి. తమ్ముడు నరేందర్ తలుపు దగ్గర నిలబడి నా వంక చూడకుండా నేల చూస్తున్నాడు. ఇక నాకెవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది.

"ఫోన్ జేసిన," అన్నాడు నరేందర్. "మీ పెద్ద సిస్టరమ్మనే ఎత్తింది. చెప్తం బాబూ అన్నది. పొద్దుమూకేదాక పీనుగును ఆపినం. నువ్వు రాలే. తండ అంత నిన్ను తిట్టింది అక్కా."

"నాకు చెప్పలే తమ్మీ. నాకు తెల్వదు."

"చెప్తమన్నరు గదా!"

చెప్పారు. మనలో ఒకరి తండ్రి అని చెప్పారు.

యాడి గొంతులో ఏడుపు లేదు. ఎప్పుడో అయిపోయినట్టుంది. "రైళ్లు బందు వెట్టిండ్రు, బండ్లను తొవ్వల ఆపిండ్రు. నీ బాపు హైదరాబాదుకు నడిసిండు ఆ ఎండల. అచ్చినంక దగ్గు, ఛాతిల నొప్పి. దవాఖానకు పోదామంటే, ముందుగాల బిడ్డను సూసొస్త అన్నడు. గీడికి అచ్చినం. గేటుకాడామె, పండుగ దాక కలువనియ్యరన్నది. నేను కొట్లాటకు దిగిన. నీ బాపే నన్ను ఆపిండు. 'దీక్షల ఉన్నది, లేపొద్దు. దీక్ష ఇడిసినంక వద్దాం' అన్నడు. జర కూసోనిస్తవా అని ఆమెనడిగి, లోపటికచ్చి గీ బల్ల మీద కూసున్నడు. గా జాలీకి తలుపు ఏసుండె. దాన్నే సూసుకుంట జరసేపు కూసోని ఇంటికి మళ్లిండు. ఇంట్ల పండినోడు మళ్ల లేవలే."

వచ్చాడు. గేటు దాటి వచ్చి, నా ఎదురుగా కూర్చున్నాడు. నేను ఈ గోడకి ఇవతల అప్పాలు కాలుస్తున్నాను.

పక్కన కూర్చుని వింటున్న సిస్టర్ గొంతు సవరించుకుంది. టైమైపోయిందని అర్థం.

నేరుగా మదర్ గదిలోకి వెళ్ళాను. తలుపు తట్టలేదు. "ఆయన నా తండ్రి," అన్నాను.

"కూర్చో, వెరోనిక."

"కూసోను. అగాత నాన్న బతికున్నడని మీకు ఎరుక. నేను ఆమెను పట్టుకోని ఏడుస్తుంటే కండ్లతోని సూసిండ్రు. ఒక్క మాటంటే ఏంబోయింది?"

ఆవిడ మొహం పాలిపోయింది. "అగాత కన్నీళ్ళు వృథా కాలేదమ్మా. అవి మీ నాన్నగారికే చేరాయి. ఈ ఇల్లంతా ఆయన్ని సొంత తండ్రిలా తలుచుకుంది. మా అమ్మ పోయినప్పుడు నాకూ ఇలాగే చెప్పారు. పాస్కా దాకా నేనూ అడగలేదు. నాకది చాలింది."

"గది మీ అమ్మ సంగతి మదర్. మీకు సాలింది. నాకు సాల్తలేదు."

"ఇప్పుడు గేటు దాటితే మళ్ళీ లోపలికి రావడం నీ చేతుల్లో ఉండదు. నా చేతుల్లోనూ ఉండదు."

"మంచిదే," అని వచ్చేశాను. రూతు గేటు తీసింది. నా మొహం చూడలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

పాలకుర్తి మీదుగా తొర్రూరు, అక్కణ్ణుంచి ఆటో. ఇంటి ముందు ఆడవాళ్ళు పోగయ్యారు. మా తండాలో చావింటికి వచ్చిన ఆడమనిషిని మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకుని, రాగం తీసి ఏడుస్తారు. ఒకరు మొదలుపెడితే అందరూ అందుకుంటారు. దారిపొడుగునా నేను దానికోసమే ఊపిరి బిగబట్టుకున్నాను. మా చిన్నమ్మ లచ్చి ఎదురొచ్చింది. ఆమె మెడ కరచుకుని గొంతెత్తాను. "బాపూ, నా బాపూ" అన్నాను. ఎవరూ అందుకోలేదు. నా గొంతు ఒక్కటే వినిపించింది. పిల్లలు ఆట ఆపి నా వంక వింతగా చూశారు.

"సాలు బిడ్డా," అంది లచ్చి మెల్లగా. "దినాలు అయిపోయినై. మేమందరం ఏడ్సుడు అయిపోయింది. ఇగ ఇంట్ల ఏడుపు ఇనబడొద్దు. ఏడిస్తే ఆయన పోయే తొవ్వల ఎనక్కి మళ్లి సూస్తడు."

నేను ఆపలేకపోయాను. బాపూ అని మళ్ళీ నోరు తెరిచాను. చిన్నమ్మ నన్ను గుండెకి అదుముకుని, అరచేత్తో నా నోరు మూసింది.