రంగుల పట్టిక

ఆ కాగితాలు దొరికిన రోజు ఎగిరి గంతేశాను. పిచ్చిదాన్ని.

మా అక్క పిల్లల కార్టూన్లు తీసే స్టూడియోలో బొమ్మలు గీసేది. బావ అక్కడే ప్రోగ్రాములు రాసేవాడు. ఆ బొమ్మలను దాచడానికి ఆయన సొంతంగా ఒక ఫైల్ ఫార్మాట్ తయారుచేశాడు. ఆయన ప్రోగ్రాము తప్ప లోకంలో ఇంకేదీ వాటిని తెరవలేదు. స్టూడియో మూతపడింది. ప్రోగ్రాము పాత కంప్యూటర్లతో పాటు తుక్కులోకి పోయింది. అక్క బొమ్మలన్నీ ఒక డిస్కులో మిగిలాయి, తాళంచెవి పోయిన బీరువాలో చీరల్లాగా.

ఇప్పుడు అక్కకు చూపు తగ్గిపోతోంది. పొద్దునా సాయంత్రం బావే కళ్ళలో చుక్కలు వేస్తాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ చుక్కలతో ఆగేది కాదు.

"పూర్తిగా పోయేలోగా నా ఏనుగుపిల్లను ఒక్కసారి చూపించవే," అంది అక్క. ఎర్రగొడుగు పట్టుకున్న ఏనుగుపిల్ల అది. దాన్ని గీసినన్నాళ్ళూ అక్క సరిగ్గా అన్నం కూడా తినలేదు.

బావను అడిగితే టీవీ సౌండు పెంచాడు. "ఎప్పటి మాటో! నాకేం గుర్తుంటుంది?"

"ఎక్కడా రాసిపెట్టలేదా బావా?"

"రాశాను, ఆఫీసుకిచ్చాను. పోయి వాళ్ళనడుగు."

లేని ఆఫీసును ఎక్కడని అడగను? నేనూ ప్రోగ్రాములు రాసి బతికేదాన్నే కాబట్టి ముందు ఇంటర్నెట్టంతా జల్లెడ పట్టాను. ఆ ఫార్మాట్ పేరే ఎవరూ వినలేదు. తరువాత స్టూడియో మేనేజరు ఇంటికి వెళ్ళాను. సామానంతా పాత ఫర్నిచరు కొట్టుకు అమ్మేశానన్నాడు. ఆ కొట్టులో, కుర్చీల గుట్ట వెనక, తుప్పుపట్టిన బీరువా సొరుగులో కాగితాల కట్ట దొరికింది. పైన బావ సంతకం.

"ఊరికే తీసుకుపోమ్మా, ఎలకలకన్నా నువ్వు నయం," అన్నాడు కొట్టాయన.

బాగా రాశాడు, కాదనను. బొమ్మ వెడల్పు ఎక్కడుంటుంది, ఎత్తు ఎక్కడుంటుంది, బొమ్మలోని చుక్కలు ఏ వరుసలో పేర్చాలి, అంతా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది. రంగుల దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. ఫైల్లో రంగులుండవు, వట్టి అంకెలే ఉంటాయి. ఏ అంకె ఏ రంగో చెప్పే పట్టిక కావాలి. అక్కడ ఒక్కటే వాక్యం: "రంగుల పట్టిక విడిగా జతచేయబడినది." కట్టంతా తిరగేశాను. జతా లేదు, గితా లేదు.

మేనేజరుకు ఫోన్ చేస్తే పకపకా నవ్వాడు. "మా దగ్గర అందరూ అంతేనమ్మా. అన్నీ రాసిచ్చినవాడికి కుర్చీ ఉండదని భయం. తలా ఓ పేజీ ఎగ్గొట్టేవాళ్ళు. మీ బావ రంగులు ఎగ్గొట్టాడు. అయినా ముందు తీసేసింది ఆయన్నే!"

తను తవ్విన గోతిలో తనే పడ్డాడు. పడితే పడ్డాడు, మా అక్కనెందుకు లాగాలి?

బావను నిలదీశాను. పట్టిక నిజంగానే మరిచిపోయాడు. ఊహించి నేనే రంగులు వేయొచ్చు, కానీ అక్క బొమ్మలో నా చెయ్యి పెట్టనా? బూడిదరంగులోనే తెరిచాను. "సంగతేమిటో అక్కకు నువ్వే చెప్పు," అన్నాను. "చెప్తాలే," అన్నాడు.

అక్క తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా కూర్చుంది. ఏనుగుపిల్ల తొండం మీద వేలు పెట్టి నవ్వింది. వేలు గొడుగు దగ్గరికి వెళ్ళింది. నవ్వు పోయింది.

"గొడుగు బూడిదలా ఉందేమిటే? రంగులు కూడా పోయాయా నాకు?"

నేను బావ వైపు చూశాను.

"పోతాయి మరి," అన్నాడు బావ బుజ్జగింపుగా. "మెల్లగా ఒక్కొక్కటే పోతాయని డాక్టరు చెప్పలేదూ?"

నా ఒళ్ళు భగ్గుమంది. స్నానాలగదిలోంచి ఎర్ర ప్లాస్టిక్ మగ్గు తెచ్చి అక్క ముఖం ముందు పెట్టాను. దాన్నుంచి నీళ్ళింకా కారుతున్నాయి.

"ఇదేం రంగక్కా?"

"ఎరుపు."

"మరి తప్పు నీ కళ్ళది కాదు. ఉద్యోగం పోతుందని రంగుల పట్టిక రాయకుండా దాచింది ఈయన. ఇప్పుడు ఆయనకే గుర్తులేదు. నీకు చెప్తానని నాతో అన్నాడు కూడా."

అక్క తడి మగ్గును ఒళ్ళో పెట్టుకుంది. బావ వైపు తిరగనైనా తిరగకుండా నాతోనే మాట్లాడింది.

"ఉద్యోగం కోసం దాచారంటే సరేలే అనుకుందునే. నాకే చీకటి పడిందని నమ్మించబోయారు చూడు."

చుక్కల సీసా తడిమి తీసి నా చేతిలో పెట్టింది.

"రేపట్నుంచి ఇవి నువ్వొచ్చి వెయ్యి."