దక్షిణామూర్తిగారి చేతివంట

"మీ ఆవిడ పెట్టి పుట్టారు అంకుల్" అన్న మాటను దక్షిణామూర్తి హాల్లోంచి రెండుసార్లు చదివి వినిపించాడు. ఆ సమయానికి రమాదేవి పెరట్లో పీట వేసుకుని బాణలికి పట్టిన మాడు గోకుతోంది. మధ్యాహ్నం ఆ బాణలిలో ఆవిడ వండిన బొప్పాయికాయ ఆవకూర తాలూకు ఫోటో విమానాశ్రయం పక్కనున్న లంబాలైన్‌లోని ఆ ఇంట్లో బయలుదేరి, గంటన్నర తిరగకుండా మూడువందల మంది మెప్పు మూటగట్టుకుంది. "విన్నావా? పెట్టి పుట్టావట," అని ఆయన నవ్వాడు. రమాదేవి పీచును ఇంకాస్త గట్టిగా రుద్దింది. నెత్తి మీదుగా విమానం దిగిన మోతలో ఆయన మూడోసారి చదివింది వినబడలేదు. అందుకామె విమానానికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

ఆ మెప్పులన్నీ ‘దీవి వంటిల్లు’ అనే గ్రూపులోనివి. అబర్డీన్ బజార్‌లో కుట్టుపని చేసుకునే రాధిక, మెయిన్‌లాండ్ నుంచి ఓడలు రాక ఉల్లిపాయలూ టమాటాలూ కరువైన ఒక వర్షాకాలంలో దాన్ని మొదలుపెట్టింది. కొత్తిమీర లేనప్పుడు బర్మా ధనియా ఆకు ఎంత వేయాలి, ముసురులో కందిపప్పు ముక్కిపోకుండా ఏం చేయాలి, అరటిదవ్వతో ఎన్ని రకాలు చేయవచ్చు, ఇవీ అక్కడి ముచ్చట్లు. ముప్పయ్యారేళ్ళుగా ఓడ కోసం ఎదురుచూస్తూ పొయ్యి వెలిగించిన రమాదేవికి ఇవన్నీ కరతలామలకం. అయితే ఇంట్లో ఉన్న పెద్ద ఫోను ఒక్కటే, అది ఆయనది. ఆవిడకు ఉన్నది మీటలు నొక్కే చిన్న ఫోను. అందుచేత గ్రూపులో చేరింది దక్షిణామూర్తి పేరు, దక్షిణామూర్తి ఫోటో. ఆవిడ వంట చేసి, చేసిన తీరు కాగితం మీద రాసి ఇచ్చేది. ఆయన ఆ కాగితాన్ని ఫోటో తీసి పెట్టేవాడు.

అంతవరకే అయితే ఎవరో ఒకరు దస్తూరీ చూసి అడిగి ఉండేవారేమో. కాని గ్రూపులో సగంమంది ఈ దీవుల్లో పుట్టి పెరిగిన పిల్లలు. తెలుగు గలగలా మాట్లాడతారు, అక్షరాలు మాత్రం కూడబలుక్కుంటారు. "అంకుల్ జీ, పఢ్‌నా ముష్కిల్ హై, వాయిస్ పెట్టండి ప్లీజ్" అని వాళ్ళు అడిగారు. ఓడల ఆఫీసులో బయలుదేరే వేళలను మైకులో ప్రకటించి ప్రకటించి నిగ్గుతేలిన గొంతు ఆయనది. కాగితం చేతిలోకి తీసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, "నేను ఈ కూరలో ఇంగువ ముందుగా వేయను" అని ఉన్నది ఉన్నట్టు చదివాడు. రమాదేవి రాసిన ‘నేను’ ఆయన నోట పడి ఆయన సొత్తయిపోయింది.

ఒకసారి, ఒక్కసారే, ఆవిడ అడిగింది. నా పేరు కూడా చెప్పవచ్చు కదా అని. ఆయన ఆశ్చర్యపోయాడు, నొచ్చుకున్నాడు కూడా. "మొగుడూ పెళ్ళాల మధ్య నీదేమిటి, నాదేమిటి? నా పేరు నీ పేరు కాదూ?" అన్నాడు. రేషన్ కార్డు మీదా, గ్యాసు పుస్తకం మీదా, ఇంటి గుమ్మం పక్కన పలక మీదా ఆయన పేరే తన పేరు. అది నిజమే. కాని తన పేరు ఆయన పేరైన చోటు ఒక్కటైనా ఉందా అని రమాదేవి ఆ సాయంత్రమంతా వెతుక్కుంది. వెతుకుతూనే చపాతీలు కాల్చింది. ఆయన తల్లి శేషమ్మగారు బతికున్న రోజుల్లో, వచ్చినవాళ్ళు కోడలి వంట మెచ్చుకుంటే, "రుచి మా ఇంటిది. ఆ పిల్లది చెయ్యి మాత్రమే" అనేది. అత్తగారు పోయి పదకొండేళ్ళయినా ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

ఆవిడకు పట్టుకున్నది అసూయ. దానికి వేరే ముద్దుపేరు పెట్టి లాభం లేదు. ఆయన మధ్యాహ్నం కునుకు తీసే వేళ ఫోను తీసుకుని, మెప్పులన్నీ వేలితో కిందికి నెట్టుకుంటూ చదివేది. ఫలానా ఆమె మూడు ఎర్ర గుండెలు పెట్టింది. ఇంకొకామె, "మా ఆయనకు టీ కాయడం కూడా రాదు, మిమ్మల్ని చూసి నేర్చుకోమన్నాను" అని రాసింది. ఫోటోలో గరిట పట్టిన గాజుల చెయ్యి చూసి ఒకతె, "దీదీ కూడా పాపం సాయం చేస్తున్నట్టుంది" అంది. ఆ మాట రమాదేవికి మూడు రోజులు అన్నం దిగనివ్వలేదు. సవతి పోరు ఎరగని కాపురమని చుట్టాలందరూ తనను మెచ్చుకునేవారు. ఇప్పుడు చూస్తే సవతి పోరంటే ఇదే, తన చేతి పనిని తన కళ్ళ ముందే మరొకరి ఒళ్ళో పెట్టి లాలించడం. ఆ మరొకరు పక్కనే గురక పెడుతున్నాడు, అంతే తేడా. ఫెరార్‌గంజ్ నుంచి బుల్లమ్మ అనే రైతు మనిషి గ్రూపులో ఉండేది. మేకపిల్లను ఎత్తుకుని దిగిన ఫోటో, పక్కన తన పేరు. ఆమె పెట్టేవి ఏపాటి వంటలు? ఉడకబెట్టిన కర్రపెండలం, ఎండుమిరపకాయ పచ్చడి. అయినా ఆ మెప్పు నేరుగా ఆమెకే చేరుతుంది. రమాదేవి బుల్లమ్మను చూసీ కుళ్ళుకుంది. విశాఖపట్నం కాన్వెంటులో చదివిన రోజుల్లో సిస్టర్ నేర్పిన పాపాల పట్టీలో అసూయ ఒకటి. ఇతరులది తనకు కావాలని కోరడం అసూయ అని అందులో ఉంది. తనదే తనకు కావాలని కోరడాన్ని ఏమనాలో ఆ పుస్తకంలో లేదు.

గ్రూపు నాలుగువేల మందికి చేరిన సందర్భంగా రాధిక ఒక కబురు పెట్టింది. తెలుగువాళ్ళ సంఘం హాలులో ఆదివారం ఉదయం అందరం కలుద్దాం, దక్షిణామూర్తి అంకుల్ అందరి ముందూ అరటిపువ్వు కూర చేసి చూపిస్తారు. ఆయన ఒప్పుకున్నాక ఇంట్లో చెప్పాడు. "అన్నీ సిద్ధంగా డబ్బాల్లో పెట్టు. నేను వరుసగా వేసి తిప్పుతాను. నువ్వు ఎదురుగా కూర్చుని కళ్ళతో సైగ చేస్తే చాలు," అన్నాడు. దాన్నొక చిన్న సంగతిలాగే అన్నాడు. దానికామె అలాగే అని తల ఊపింది. ఆ ఇంట్లో ఆవిడ తల ఊపడానికి ఎన్నడూ గడువు అడగలేదు.

ఆ గురువారం బుల్లమ్మ గొంతు గ్రూపులో వినిపించింది. "మూర్తి బాబుగారూ, ఆవకాయకి మీరు సెప్పిన కొలతే ఏసినానండి. మూత తీత్తే తెల్లగా బూజు. నలబై కాయలు, మా సెట్టువి. ఏటి సెయ్యమంటారు?" అందులో కోపం లేదు. అదే వినలేకపోయింది రమాదేవి. ఈ దీవుల గాలికి ఉప్పు చెమరుస్తుంది. కొలపాత్ర నిండుతుంది కాని అందులో ఉప్పు తక్కువ, నీరు ఎక్కువ. అందుకే ఉప్పును బాణలిలో వేయించి, చిటపటలు ఆగి పొడిపొడిగా అయ్యాక, చల్లార్చి కొలవాలి. వచ్చిన కొత్తలో రెండేళ్ళు వరుసగా ఆవకాయ పారబోసుకుని, శేషమ్మగారి చేత మాటలు పడి, ఆవిడ సొంతంగా కనిపెట్టిన సంగతి అది. కాగితంలో మొదటి వరుసలోనే రాసింది. కాని బుల్లమ్మ అడిగిన రోజున ఆయన టీకొట్టులో స్నేహితుల నడుమ ఉన్నాడు. కాగితం ఇంట్లో ఉంది. అయినా పెద్దరికం కొద్దీ, నోటికి వచ్చిన కొలత చెప్పేశాడు.

ఇప్పుడు ఆయన గొంతు సవరించుకుని ఫోనులో జవాబు పలికాడు. "క్షమించాలి బుల్లమ్మగారూ. ఉప్పు వేయించి కొలవాలి. మా ఆవిడ రాసిచ్చిన కాగితంలో ఆ మాట తప్పిపోయింది. ఆడవాళ్ళు తొందరలో ఏదో ఒకటి మరిచిపోతూనే ఉంటారు."

మూడేళ్ళలో రమాదేవి ఆ గ్రూపులోకి అడుగుపెట్టడం అదే మొదలు. నూటపాతిక వంటలకు లేని మనిషి, ఒక్క బూజుకు ప్రత్యక్షమైంది. వెంటనే ఓదార్పులు కురిశాయి. "పోనీలెండి అంకుల్, దీదీని ఏమీ అనకండి," అని రాధిక కూడా రాసింది. రమాదేవి చేయి తుడుచుకుని హాల్లోకి వచ్చి, కాగితంలో ఆ మాట ఉందని, కాగితం చూడకుండా చెప్పింది ఆయనేనని, మెల్లగా, తడబడకుండా చెప్పింది. ఆయన కాదనలేదు. "ఊరుకోవోయ్. నాలుగువేల మందిలో నా పరువు ఏం కాను? నీకేం పోయింది? నిన్నక్కడ ఎవరు ఎరుగుదురు గనక?" అన్నాడు. ఆయన దృష్టిలో అది ఊరడింపు.

అరటిపువ్వు బాగు చేయడం గంటన్నర పని. రెక్క ఒలిచి, దాని కింద పంక్తిగా ఉన్న సన్నపూలను విడదీసి, ఒక్కొక్క పువ్వులోంచీ ఉడకని గట్టి కేసరాన్నీ, అద్దంలాంటి పొరనూ తీసేసి, మజ్జిగనీళ్ళలో వేయాలి. వేళ్ళకు నూనె రాసుకోకపోతే జిగురు నల్లగా పట్టి వారం రోజులు వదలదు. ఈ పనంతా రమాదేవి కాగితం మీద ‘పువ్వు బాగు చేసుకుని పక్కన పెట్టుకోవాలి’ అని ఒక్క వాక్యంలో రాసింది. చేసేవాళ్ళకు తెలుసు, తెలియనివాళ్ళు ఎలాగూ చేయరు అనుకుంది. ఆదివారం తెల్లవారగానే ఆవిడ ఆవపిండి నూరి డబ్బాలో పెట్టింది. చింతపండు గుజ్జు ఒక డబ్బా, పోపు గింజలు ఒక డబ్బా, కరివేపాకు తడిగుడ్డలో. పువ్వును చేతిలోకి తీసుకుని కొంతసేపు చూసింది. తర్వాత కడిగి, తుడిచి, ఉన్నది ఉన్నట్టుగా సంచిలో పెట్టింది.

హాలు నిండిపోయింది. మూడో వరుసలో రమాదేవి పక్కన కూర్చున్న మనిషి, ఆయన వెంట రావడం చూసింది కాబోలు, తనంతట తానే పలకరించింది. మేకపిల్ల లేకపోయినా ఆవిడ బుల్లమ్మను ఆనవాలు పట్టింది. "దీదీ, ఉప్పు మాట మరిసిపోనావంట కదా. పోన్లే, మనిసన్నాక మరుపు రాదేటి?" అంటూ బుల్లమ్మ చేయి పట్టుకుని తట్టింది. క్షమాపణ అడగవలసిన మనిషి వేదిక మీద ఉండగా, ఆ క్షమ వచ్చి తన చేతిలో పడింది. రమాదేవి ఉప్పు ఎంతసేపు వేయించాలో, ఏ చప్పుడు ఆగాక దించాలో, వేడి మీద కొలిస్తే ఏమవుతుందో ఓపికగా చెప్పింది. బుల్లమ్మ వింటూ వింటూ, నూనె చిట్లి మచ్చలు పడిన ఆ వేళ్ళ వంక చూసింది. తర్వాత వేదిక మీదికి చూసింది. "అయితే వండీది..." అని ఆగిపోయింది.

వేదిక మీద దక్షిణామూర్తి, "ముందుగా పువ్వు బాగు చేసుకుని పక్కన పెట్టుకోవాలి," అని ఓడ బయలుదేరుతున్నంత ఠీవిగా ప్రకటించి, సంచిలో చెయ్యి పెట్టాడు. డబ్బాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. చివరికి అరటిపువ్వు వచ్చింది. ఆయన సంచిలో మళ్ళీ వెతికాడు. ఒక రెక్క లాగాడు, ఇంకొకటి లాగాడు, సన్నపూల గుత్తిని వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి కత్తి తీసి పువ్వును అడ్డంగా కోయబోయాడు. ముందు వరుసలో ఎవరో, "అరే, అంకుల్, ఐసా నహీ," అన్నారు. ఇంకెవరో కిసుక్కున నవ్వారు. ఆయన తలెత్తి మూడో వరుస వైపు చూసి, రమ్మన్నట్టు మణికట్టు తిప్పాడు. ఆ సైగకు ముప్పయ్యారేళ్ళుగా లేచిన మోకాళ్ళు ఇప్పుడూ అలవాటుగా కదిలాయి. రమాదేవి వాటిని రెండు అరచేతులతో అదిమిపట్టింది. జాలి కలిగింది, కలగలేదని అబద్ధమాడకూడదు. కాని జాలి కన్నా లోతున, మూడేళ్ళుగా తనను కాల్చినది, మొదటిసారి సిగ్గు లేకుండా నిలబడింది.

రాధిక మైకు పట్టుకుని గబగబా వచ్చింది. "దీదీ, మీరూ పైకి రండి, అంకుల్ థోడా ఘబ్‌రా గయే. కంగారు పడ్డారు, కొంచెం సాయం పట్టండి," అని మైకు ఆవిడ నోటి ముందు పెట్టింది.

రమాదేవి కుర్చీలో సరిగ్గా సర్దుకుని కూర్చుంది.

"ముప్పయ్యారేళ్ళ కాపురంలో ఆయన వండింది నేనొక్కసారి కూడా తినలేదమ్మా. ఇవాళైనా తిని చూద్దామని వచ్చి కూర్చున్నాను."