దొర గడ్డానికి ధర

దశరథం సారుకు ఒక పిచ్చి ఉండేది. ఎకనామిక్స్ అంటే నల్లబల్ల మీద రెండు గీతలు గీసి, అవి కలిసిన చోట చుక్క పెట్టి చేతులు దులుపుకోవడం కాదని ఆయన వాదన. సిరిసిల్లలో మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాడు. జగిత్యాల డిగ్రీ కాలేజీలో తక్కిన లెక్చరర్లు నోట్సు చెప్పి చాయ్ తాగడానికి పోతుంటే, ఈయన పిల్లల్ని అంగడికి తోలి, పొద్దుగూకేసరికి టమాటా ఎందుకు చవకైందో కనుక్కు రమ్మనేవాడు. పిల్లలకు సారంటే ప్రాణం. ఆయనకు తన పాఠమంటే ప్రాణం. అక్కడే వచ్చింది చిక్కు.

అవి ఊరూరా కూలీ సంఘాలు లేచిన రోజులు. సంఘం మాట వినని దొరకు ఊరంతా కలిసి బంద్ పెట్టేది. దొర బట్టలు ఉతికేవాళ్లుండరు, గడ్డం గీసేవాళ్లుండరు, పశువుల్ని తోలే జీతగాళ్లుండరు. డెబ్బై ఎకరాల ఆసామి అయినా తన చెంబు తనే కడుక్కోవాలి.

ఒకనాడు సారు సప్లయి రేఖ గీసి, ఏ పనికైనా ఏదో ఒక ధర దగ్గర మనిషి ఒప్పుకుంటాడని చెప్పాడు. వెనక బెంచీలోంచి హన్మండ్లు లేచాడు. రుద్రంగి అవతల చిన్న ఊరు వాడిది. తండ్రి పోశం ఆ ఊరి మంగలి.

"మా దొరకు బంద్ పెట్టిండ్రు సార్. గడ్డం రొమ్ము దాక పెరిగింది. మరి మా బాపు ఎంతకు ఒప్పుకుంటడు?"

క్లాసంతా నవ్వింది. సారు మాత్రం నవ్వలేదు. పుస్తకానికీ ఊరికీ మధ్య వంతెన దొరికిందని లోలోపల పొంగిపోయాడు.

"పోయి అడిగి రా. దీనికి పది మార్కులు."

వారం గడిచాక హన్మండ్లు వచ్చి చెప్పాడు. "ఎంతిచ్చినా చెయ్యనన్నడు సార్."

"అది జవాబు కాదురా, కోపం. కోపానికి గీత గియ్యలేం. నాకు అంకె కావాలె. మళ్ల అడుగు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పోశం పనికింత అని జన్మలో ధర చెప్పి ఎరుగడు. ఏడాది పొడుగునా ఇల్లిల్లూ తిరిగో, తన అరుగు మీదో గడ్డాలు గీస్తాడు, క్షవరాలు చేస్తాడు. కోతలయ్యాక కల్లం దగ్గరికి పిలిచి ఇంటికింత అని వడ్లు కొలిచి పోస్తారు. అదే అతని బతుకు. ఊరు పిలవాలి, ఊరు పొయ్యాలి.

హన్మండ్లు రెండోసారి అడిగినప్పుడు పోశం అరుగు మీద పనిలో ఉన్నాడు. చుట్టూ వంతు కోసం కూర్చున్నవాళ్లు నలుగురున్నారు. మొదట కసురుకున్నాడు.

"అంకె చెప్పకుంటే సారు మార్కులెయ్యడట బాపూ" అన్నాడు కొడుకు.

మార్కులనే మాట విన్నాక పోశం చేతిలో కత్తి ఆగింది. వంశంలో కాలేజీ గడప తొక్కినవాడు వీడొక్కడే.

"గట్లనా? అయితే ఇర్వై బస్తాలు రాసుకో పో."

అందరూ పగలబడి నవ్వారు. మొహం నిండా సబ్బు నురగతో ఉన్నవాడు కూడా నవ్వాడు. నవ్వులాట అరుగు మీదే ఉంటే బాగుండేది. అది నడుచుకుంటూ దొర గడీకి పోయింది.

ఒకనాడు తెల్లవారి రెండు బండ్లు వచ్చి పోశం ఇంటి ముందు ఆగాయి. తోలేందుకు జీతగాళ్లు లేరు కదా, దొర బామ్మర్దులే చెమటలు కక్కుతూ తోలుకొచ్చారు. ఇరవై బస్తాల వడ్లు వాకిట్లో దించారు. "నువ్వడిగినయి అచ్చినయి. ఇగ కత్తి పట్టుకొని రా" అనేసి పోయారు. దొరకు గడ్డం బాధ కాదు, బంద్ విరగాలి, అంతే.

పోశం పోలేదు. బస్తాలను ముట్టనైనా ముట్టలేదు. కానీ ఊరు బస్తాలను చూసింది. ఆనాటి నుంచి అతని అరుగు మీదికి ఎవరూ రాలేదు. గడ్డం గీయించుకోవడానికి రుద్రంగికి పోసాగారు. నీళ్ల దగ్గర పోశం భార్య రాజక్క కనపడితే ఆడవాళ్లు మాట ఆపేసేవాళ్లు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ చెయ్యెత్తలేదు. తిట్టినా బాగుండు.

హన్మండ్లు కాలేజీకి రావడం మానేశాడు. ఎందుకో తోటి పిల్లల ద్వారా సారుకు తెలిసింది. ఆదివారం కోరుట్లలో బస్సు మారి, రుద్రంగిలో దిగి, ముసురులో నడుచుకుంటూ పోయాడు. పోశం వాకిట్లో బస్తాలు నానుతున్నాయి. గోనె కంతల్లోంచి పచ్చగా మొలకలు వచ్చాయి.

నేరుగా సంఘం పెద్ద భూమయ్య దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాడు. భూమయ్య చాయ్ పోయించి ఓపిగ్గా విన్నాడు.

"నమ్ముతున్న సారూ. పోశం అసొంటోడు కాదని నాకు తెల్వదా? కని వడ్లు వాకిట్ల పడ్డయి. రేపు చాకలాయన నవ్వులాటకు ముప్పై అంటడు, ఎల్లుండి జీతగాడు యాభై అంటడు. గప్పుడు బంద్ ఏడుంటది?"

"వడ్లు వాపసు పంపితే?" అన్నాడు సారు.

"పంపుండ్రి. ఎవలు వద్దన్నరు?"

బండి కోసం ఇల్లిల్లూ తిరిగాడు. దొర వడ్లు మోయడం కూడా దొరకు పని చెయ్యడమే కదా అన్నారు. చివరి ఇంట్లో సారు నోరు జారి, రెట్టింపు కిరాయి ఇస్తానన్నాడు. ఆ మాట బయటికి వచ్చిన మరుక్షణమే సిగ్గుతో చచ్చిపోయాడు. బండి ఆయన లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

తిరిగి వచ్చి పోశంతో కలిసి ఒక బస్తా లేపబోయాడు. కుళ్లిన గోనె పిగిలి, మొలకలన్నీ కాళ్ల మీద పడ్డాయి. సారుకు ఏడుపొచ్చింది.

"తప్పు నాది పోశమన్నా. నువ్వు మొదట ఎంతిచ్చినా చెయ్యనన్నదే సరైన జవాబు."

పోశం కాళ్ల మీది మొలకలు దులుపుకున్నాడు. లోపల హన్మండ్లు కత్తులు తుడిచి పొదిలో సర్దుతున్నాడు. కోతలకు ఎవరూ కల్లం దగ్గరికి పిలవరని ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. రేపట్నుంచి తండ్రీకొడుకులు కోరుట్ల బస్టాండు ముందర గడ్డాలు గీస్తూ కూర్చుంటారు.

"సారూ, ఒకటడుగుత" అన్నాడు పోశం చివరికి. "పోరనికి మార్కులన్న పడ్డయా?"

అంకె చూసి మురిసిపోయి, క్లాసు ముందు నిలబెట్టి మెచ్చుకుని మరీ వేశాడు సారు.

"పడ్డయి. పదికి పది."

పోశం మొహం విప్పారింది. లేచి వీధివైపు తిరిగి, మూసి ఉన్న తలుపులన్నిటికీ వినపడేట్టు గట్టిగా ఇంట్లో ఉన్న భార్యకు చెప్పాడు.

"ఇన్నవా రాజీ, పదికి పదట."

వాడకట్టులో ఒక్క తలుపూ తెరుచుకోలేదు.