మూడో చుట్టు

వీడియో ఆటల సంగీతానికి ముగింపు ఉండదు. ఆడేవాళ్లు ఒక చోట నిలబడినంతసేపూ అక్కడి పాట చివరికి వెళ్లడం, మళ్లీ మొదటికి రావడం, అంతే. సీడీలో మాత్రం ఎక్కడో ఒకచోట ఆపక తప్పదు. రెండు చుట్లు తిరగనిచ్చి, ఆ పైన చప్పుడు మెల్లగా తగ్గించి మాయం చెయ్యడం ఆనవాయితీ. టోక్యోలో, ఓగికుబో స్టేషన్‌కి ఉత్తరాన, మందుల దుకాణం మీది అంతస్తులో ఉన్న చిన్న రికార్డుల కంపెనీలో మినెగిషి చిజురు ముప్ఫై ఏళ్లుగా ఈ పనే చేస్తోంది. ఏ పాట ఎక్కడ వినబడకుండా పోవాలో ఆమె వేళ్లే నిర్ణయించేవి.

శ్రోతలకు ఈ సంగతి మీద ఎంత పట్టింపో ఆల్బమ్‌లో పెడితే వాళ్లు నింపి పంపే జవాబు కార్డులు చూస్తే తెలుస్తుంది. ఒక్క చుట్టు చాలు, మిగతా చోటులో ఇంకో పాట పెట్టండని కొందరు రాస్తారు. రెండు లేకపోతే కొననే కొననని కొందరు. అలా తగ్గించుకుంటూ పోతే ఎవరో నన్ను గదిలోంచి బయటికి నడిపిస్తున్నట్టుంటుందని ఒకావిడ రాసింది. పది నిమిషాలు ఉంచితే లెక్కలు చేసుకుంటానని ఒక విద్యార్థి. వీళ్లందరి మాటా వింటే పాటకో సీడీ అమ్మాల్సిందేనని యజమాని హతకెద నవ్వేవాడు.

ఆ ఏడాది వానాకాలం మొదట్లో, తొంభై మూడులో వచ్చిన ఒక ఆట సంగీతాన్ని మళ్లీ విడుదల చెయ్యాలని నిర్ణయించారు. స్వరకర్త ఒరిహర సెయిగో కిందటి చలికాలంలోనే పోయాడు. పాత టేపులు బూజు పట్టిపోవడంతో, ఆట ఉన్న బిళ్లను ఆనాటి ఆట యంత్రంలో పెట్టి పాటలన్నీ కొత్తగా రికార్డు చేసే పని చిజురు మీద పడింది. మొదటి ఆల్బమ్ చేసిందీ ఆమే. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్లు.

పన్నెండో పాట పేరు ‘కనుమ మీది సత్రం’. ఆటలో ఆ సత్రం ఖాళీగా ఉంటుంది. సత్రం యజమాని భార్య చనిపోయిందని గోడ మీద రాసి ఉంటుంది. అక్కడ దొరికేదీ లేదు, చేసేదీ లేదు కాబట్టి ఆడేవాళ్లు అర నిమిషంలో వెళ్లిపోతారు. చిజురు పాట మొదలుపెట్టి, టీ కోసం నడవా చివరి వంటగదికి వెళ్లింది. బయట వాన పడుతోంది. తలుపు వెనక నుంచి పాట ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టూ అయిపోయింది. నీళ్లు ఇంకా మరగలేదు.

అప్పుడు గదిలో ఎవరో ఈల వేశారు.

హతకెద వచ్చాడనుకుంది. కానీ అతనికి ఈల రాదు. తలుపు తీస్తే గదిలో ఎవరూ లేరు. స్పీకర్లలో, ఇంతవరకూ ఎడతెగకుండా సాగిన పాట ఇప్పుడు మధ్యమధ్య ఆగుతోంది. ఆగిన ప్రతిచోటా ఇంకో సన్నటి గొంతు దానికి బదులు చెబుతోంది. ఒకటి అడిగినట్టు, ఒకటి పలికినట్టు. చుట్టు పూర్తికాగానే ఆ రెండో గొంతు లేదు. మొదటిది ఏమీ జరగనట్టు మళ్లీ ఒంటరిగా మొదలైంది. వంటగదిలో నీళ్లు పొంగి పొయ్యి ఆరిపోయినా చిజురు కదల్లేదు.

ఆమెకు ఒక ఫోను గుర్తొచ్చింది. తొంభై నాలుగు, శుక్రవారం మధ్యాహ్నం. ఒరిహర బెరుకుగా, ఆ ఒక్క పాట మూడు చుట్లు ఉంచగలరా అని అడిగాడు. ఉంచితే నిమిషాల పట్టిక అంతా మళ్లీ రాసి ముద్రణకి పంపాలి. స్నేహితురాళ్లతో హకోనె వెళ్లే బస్సుకి గంటన్నర ఉంది. “శ్రోతలు రెండు చుట్లే కోరుతున్నారండి” అంది చిజురు. అప్పటికి ఏ శ్రోతనూ ఎవరూ అడిగింది లేదు. ఆయన, “అలాగా, అయితే సరేనండి” అని, ఇబ్బంది పెట్టినందుకు క్షమాపణ కూడా చెప్పి పెట్టేశాడు. మూడో చుట్టులో ఏముందో ఆమె విననైనా లేదు. ఆయన మరో ఆటకు సంగీతం చెయ్యలేదు. మత్సుమొతోకి వెళ్లిపోయి ఏదో కలప కంపెనీలో చేరాడని తర్వాతెప్పుడో తెలిసింది.

మూడో చుట్టు విన్న రోజు నుంచి ఆ రెండో గొంతు ఆమెను వదల్లేదు. స్నానాల గదిలో ఉంటే వంటింట్లోంచి, వంటింట్లో ఉంటే వీధి వాకిట్లోంచి వినబడేది. ఎప్పుడూ తలుపుకి అవతలే. తీసి చూస్తే ఉండేది కాదు. రైల్లో ఒకసారి పక్క పెట్టెలోంచి వినబడితే, దిగాల్సిన స్టేషన్ దాటిపోయి మరీ ఆ పెట్టెలోకి వెళ్లి చూసింది. అందరూ ఫోన్లలోకి తలలు వంచుకుని కూర్చున్నారు.

రెండు వారాలకు ఒరిహర కూతురు సుజునె ఒప్పందం మీద సంతకానికి బదులుగా వేసే తన పేరు ముద్ర వెయ్యడానికి వచ్చింది. ముప్ఫై ఆరేళ్లుంటాయి. పళ్ల ఆసుపత్రిలో పని. మర్యాదకి ఒక మిఠాయి పెట్టె తెచ్చింది. చిజురు ఏమీ చెప్పకుండా ఆ పాట పెట్టింది. రెండు చుట్లూ సుజునె చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నది. మూడో చుట్టు మొదలై, పాట తొలిసారి ఆగిన చోట ఆమె పెదవులు వాటంతటవే గుండ్రంగా అయ్యాయి. చప్పున చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఇది నాన్న ఈల” అంది, పాట అయ్యాక. “వంట చేస్తూ వేసేవాడు. కాస్త ఈల, కాస్త ఆగడం. ఆగినప్పుడల్లా తల కొంచెం పక్కకి తిప్పేవాడు. కూర మాడుతోందేమో చూసుకుంటున్నాడనుకునేదాన్ని. పాటలో సగమే వేస్తున్నాడని నాకేం తెలుసు?”

తల్లి పోయేనాటికి తనకు నాలుగేళ్లని, అమ్మా నాన్నా కలిసి ఈలలు వేసుకునేవారని మేనత్త చెప్పేదని, తనకు మాత్రం ఏదీ గుర్తులేదని చెప్పింది. ఆగుతూ వేసే ఆ ఈల ఆల్బమ్‌లో ఎందుకు లేదని ఒకసారి తాను అడిగితే, వినేవాళ్లకి అక్కర్లేదటమ్మా అన్నాడట తండ్రి. కోపంగా కాదు. నిజమే, ఆ సత్రంలో అంతసేపు ఎవరుంటారు అని కూడా అన్నాడట.

“వినేవాళ్లని ఎవరూ అడగలేదండీ” అంది చిజురు. “ఆ మాట నేనే అన్నాను. అబద్ధం.”

సుజునె ఆమె వైపు తిరిగింది. “సీడీలో చోటు లేకపోయిందా?”

“ఉందండి. నాలుగు నిమిషాలు మిగిలింది.”

“ఈ చుట్టు ఎంత?”

“నిమిషం ఇరవై సెకన్లు.”

సుజునె బయటికి తీసిన ముద్రను మళ్లీ సంచిలో పెట్టుకుని, వంగి నమస్కరించి వెళ్లిపోయింది. వారం తర్వాత ముద్ర వేసిన ఒప్పందం టపాలో వచ్చింది. కూడా ఒక చిన్న చీటీ. మూడు చుట్లు ఉండాలి, చివర తగ్గించకూడదు. అంతకు మించి ఒక్క అక్షరం లేదు.

హతకెద ఒప్పుకోలేదు. ఒకే పాట మూడుసార్లా, పైగా చివర తెగ్గోసినట్టు ఆగిపోతే సీడీ పాడైందని తిప్పి పంపుతారని వాదించాడు. “శ్రోతలు ఊరుకోరు మినెగిషీ, నీకు తెలియనిదా.”

“ఆ మాట చెప్పి ఒకాయన నోరు మూయించానండి” అంది చిజురు. “ఇంకోసారి నావల్ల కాదు.”

ముప్ఫై ఏళ్లలో ఆమె అతనికి ఎదురుచెప్పడం అదే మొదలు. అతను కళ్లజోడు తీసి తుడుచుకుని, నీ ఇష్టం అన్నాడు. రెండో గొంతు చివరి స్వరం దగ్గర ఆమె పాటను ఆపేసింది. ఆ తర్వాత ఎనిమిది సెకన్ల నిశ్శబ్దం ఉంచింది.

ఆల్బమ్ సెప్టెంబరులో వచ్చింది. హతకెద అన్నట్టే అయింది. పన్నెండో పాట తెగిపోయింది, మార్చి పంపండని కార్డుల మీద కార్డులు. చిజురు ఒక్కొక్కరికీ చేత్తో జవాబు రాసింది. నవంబరులో తొత్తొరి నుంచి ఒకాయన కార్డు బదులు ఉత్తరమే రాశాడు. తొమ్మిదో ఏట మూత్రపిండాల జబ్బుతో నెలలపాటు మంచం మీద ఉన్నాడట. పోరాడే ఓపిక లేక, ఆటను ఆ ఖాళీ సత్రంలోనే వదిలేసి పడుకునేవాడట. మూడోసారి తిరిగినప్పుడల్లా సత్రంలో ఎవరో బదులు పలికేవారని బడి స్నేహితులకి చెబితే, వాళ్లు వచ్చి రెండు చుట్లు విని, అబద్ధాలకోరని వెక్కిరించి వెళ్లారు. పెద్దయ్యాక అది జ్వరం పుట్టించిన భ్రమేనని తానే నమ్మేశాడు. ఇప్పుడు సీడీ విని కారు రోడ్డు పక్కన ఆపుకున్నాడట. చివర ఇలా రాశాడు: ‘ఆ సత్రంలో ఉన్నది ఎవరు? మీకు తెలిస్తే చెప్పండి.’

చిజురు మూడు సార్లు జవాబు మొదలుపెట్టి మూడు సార్లూ చింపేసింది. చివరికి ఉత్తరానికి నకలు తీయించి మత్సుమొతోలో ఉన్న సుజునెకి పంపింది. అయిదో రోజున సుజునె ఫోన్ చేసింది. పలకరింపులేమీ లేవు.

“ఆయన చిరునామా ఇవ్వండి. నేను రాస్తాను.”

చిజురు చదివింది. సుజునె రాసుకుని, తప్పులేమైనా ఉన్నాయేమోనని తిరిగి చదివి సరిచూసుకుంది. ఏం రాస్తారని అడగాలని చిజురుకు నాలుక చివరి దాకా వచ్చింది. అడిగే హక్కు తనకు లేదనుకుని, అవతల ఫోన్ పెట్టేసేదాకా ఆగి, తానూ పెట్టేసింది.