ట్యాంకు నీడలో చెంబు

పైపు ముందు గాలి కక్కింది, తరవాత దగ్గింది, ఆపైన నీళ్లు వదిలింది. తోటమాలి అబ్దుల్ రవూఫ్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

పటమటలోని ఆ అపార్ట్‌మెంటులో స్నానాలూ, అంట్లూ, దొడ్లూ కడిగిన నీళ్లన్నీ సెల్లారులోని మిషన్లో పడి, తేటబడి, మళ్లీ డాబా మీది తోటకొస్తాయి. తాగరాదని గోడ మీద ఎర్రక్షరాలతో రాశారు. మొక్కలకు చదువు రాదు కాబట్టి ఏపుగా పెరిగాయి.

రవూఫ్‌కి చిక్కల్లా ఆ డాబా మీదే చాటుగా చేసుకునే నమాజు దగ్గరే. ముందు ముఖమూ కాళ్లూ చేతులూ కడుక్కోవాలి. ఆ నీళ్లు పనికిరావు. మట్టితో తుడుచుకుందామన్నా ఆ మట్టి తాగేదీ ఆ నీళ్లే. అతను చేరగిలబడే పెద్ద ట్యాంకు నిండా మంచినీళ్లే. పనివాళ్లు పారబోస్తున్నారని అసోసియేషన్ వాళ్లు దాని కొళాయి పీకి బిరడా బిగించారు. అందుకే రోజూ కింద వాచ్‌మన్ దగ్గర సిల్వరు ముక్కుచెంబు నింపి, మూతికి గుడ్డ కట్టి, ఐదంతస్తులూ మెట్లెక్కుతాడు. తడికాళ్లవాళ్లని లిఫ్టు ఎక్కనివ్వరు.

అరవైకి దగ్గరపడిన మనిషి. వేళ్ల సందులు నాని పాలిపోయాయి. ఈమధ్య ఎడమ జబ్బ కింద ఏదో పట్టేస్తోంది. "ఇయ్యాల పోమాక, పెద్దాసుపత్రికి పోదాం" అంది పొద్దున భార్య జైతూన్ బీ. "రేపు చూద్దాంలేవే" అని వచ్చేశాడు.

ఎండ నెత్తికెక్కుతుండగా పై ఫ్లాటు పద్మావతమ్మ బుట్టతో వచ్చింది.

"కార్తీక సోమవారమయ్యా రవూఫ్. నందివర్ధనాలన్నీ కోసెయ్. ఈ దొడ్డినీళ్ల పూలు శివుడు ఒప్పుకుంటాడంటావా?"

"మొక్కలైతే ఒప్పుకున్నాయమ్మగారూ."

ఆవిడ నవ్వి, అలవాటుగా చెంబు గుడ్డ విప్పింది. రోజూ పూల మీద పుడిసెడు నీళ్లు చిలకరించి పోయేది. ఇవాళ బుట్టెడు పూలు. చెంబంతా వంచేసి, దులిపి పెట్టింది.

రవూఫ్ నోరు తెరిచాడు. నీళ్లెందుకో చెబితే నమాజెక్కడో చెప్పాలి. అది అసోసియేషన్ మీటింగుదాకా పోతుంది. నోరు మూసుకున్నాడు.

కింద వాచ్‌మన్ సంజీవరావు ఆశ్చర్యపోయాడు. "మళ్లీ ఏందన్నా? పొద్దునేగా పట్టుకెళ్లావ్?"

"ఒలికినయ్ లే."

"ముఖమేంది అట్టా ఉంది? లిఫ్టెక్కు. ఎవురూ చూట్టంలా."

"కెమెరా చూస్తది. మొన్న నా మూలాన నువ్వేగా తిట్లు తిన్నది."

మూడో అంతస్తులో మెట్టు మీద కూలబడ్డాడు. చెంబును ఒళ్లో పెట్టుకున్నాడు. చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. ఎవరింట్లోనో పోపు చిటపటలాడింది. మళ్లీ లేచాడు, గోడ పట్టుకుని. పైకి చేరేదాకా చెంబులో చుక్క తొణకలేదు. ట్యాంకుకి చేరగిలబడ్డాడు. మసీదు నుంచి అజాన్ వినబడింది. చెయ్యి గుడ్డ ముడిదాకా వెళ్లి, అక్కడే ఆగింది.

సాయంత్రం పైకొచ్చిన సంజీవరావు, నిద్రపోతున్నాడనుకుని, "అన్నా, పొద్దుగూకింది" అని రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవలేదు.

మర్నాడు పద్మావతమ్మ పూలు తనే కోసుకుంది. పైపు పట్టుకుని ఉన్న సంజీవరావుతో అంది: "పాపం, మంచివాడయ్యా. నా పూల కోసం రోజూ చెంబుడు నీళ్లు మోసుకొచ్చి పెట్టేవాడు. చూడు, నిన్న కూడా నింపే పెట్టాడు."

సంజీవరావు పైపును పక్క మొక్క వైపు తిప్పాడు.

ఆవిడ ముడి విప్పి, నీళ్లన్నీ పూల మీద వంపి వెళ్లిపోయింది. ఖాళీ చెంబు ట్యాంకు నీడలోనే ఉంది, ముక్కు ఆ బిరడా వైపు తిరిగి.