మహారచయిత మనుమడు

పన్నూరి వీరేందర్ బుద్ధెరిగిన నాటి నుంచి చదివింది బస్సు మీది బోర్డు, తాను పనిచేసే బొగ్గుబాయి మీది నోటీసు. అంతకు మించి అక్షరం జోలికి పోలేదు. అటువంటివాడు ఒకనాడు ఉన్నట్టుండి మహారచయిత మనుమడయ్యాడు.

అయిన తీరు ఇట్లా ఉంది. మే డేకు యూనియన్ వాళ్లు గోదావరిఖని చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. అడుగు వరసలో, కరెంటు స్తంభం అడ్డమొచ్చి ఒక చెవి కనబడని ఫోటో వీరేందర్‌ది. దాని కింద పేరు. ఆ పేరు చూసి కామేశ్వరరావు ఆగిపోయాడు. ఈయన కోస్తా నుంచి ఇంజనీరుగా వచ్చి, రిటైరైనాక కూడా సొంతూరికి పోక, ఇక్కడే సాహితీ సంఘం పెట్టుకొని కూర్చున్న పెద్దమనిషి. పన్నూరి చంద్రమౌళి అనే పేరుమోసిన రచయిత శతజయంతి ఆ ఏడే వచ్చింది. ఆ చంద్రమౌళి తన ఆత్మకథలో అన్న గురించి రాసుకున్నాడట: అన్న లచ్చయ్య నా చదువు కోసం గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగాడు, మళ్లీ నా కంటికి కనబడలేదు, అన్న బొగ్గయ్యాడు, నేను అక్షరమయ్యాను అని. కామేశ్వరరావు ఈ మాట చెప్పినప్పుడల్లా కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు.

వీరేందర్‌ను వెతికి పట్టుకొని అడిగాడు. "మీ తాతగారి పేరేమిటండీ?"

"లచ్చయ్య, సార్."

"ఏం చేసేవారు?"

"బాయిలనే. తట్టలతోటి బొగ్గెత్తిండు."

అంతే. కళ్లద్దాలు తీసేశాడు.

ఇంటిపేరు ఒకటే, కులం ఒకటే, తాత పేరు ఒకటే. ఇంకేం కావాలె? వారం తిరగకముందే వీరేందర్ ఒంటి మీదికి లాల్చీ వచ్చింది, భుజానికి సంచి వచ్చింది. చంద్రమౌళి పుస్తకం ఒకటి తెచ్చి, దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి, టీవీ పక్కన రిమోట్‌కు తోడుగా పెట్టాడు. తెరిచిన పాపాన పోలేదు. షేర్ ఆటోల దగ్గర తోటి కార్మికులు "ఏం కవీ, ఫస్టు షిఫ్టా?" అంటే సిగ్గుపడకుండా తలూపేవాడు.

"గా సంచిల ఏముంటదే?" అని సారవ్వ కోడలిని అడిగింది.

"టిఫిన్ డబ్బ, అత్తమ్మ," అంది జమున. "ఇంతకుముందు చేతిల పట్టుకపోయేటోడు. ఇప్పుడు సాహిత్యం లెక్క ఏలాడేసుకొని పోతుండు."

సారవ్వ వీరేందర్ తల్లి. మొగడు సదయ్య పోయిన చలికాలంలో చనిపోయాడు. అప్పటి నుంచి ఆమె మాట్లాడటం తగ్గింది గానీ చూడటం తగ్గలేదు. కొడుకు ఎవరో ఒకరిని ఇంటికి తోలుకొచ్చి "మా తాత లచ్చయ్య" అని మొదలుపెట్టినప్పుడల్లా ఆమెకు అన్నంలో రాయి తగిలినట్టయ్యేది. లేచి వంటింట్లోకి పోయేది.

వానలు పడే రోజుల్లో ఒక పొద్దుమాపు వీరేందర్ పెద్ద ఫ్లెక్సీ చుట్ట తెచ్చి నడింట్లో పరిచాడు. ఒక పక్క చంద్రమౌళి. ఇంకో పక్క అదే మొహానికి నలుపు పూసి, నెత్తికి టోపీ తొడిగి, టోపీకి లైటు పెట్టిన ఇంకో మనిషి. నడుమ, ఇద్దరి కన్నా పెద్దగా, వీరేందర్.

సారవ్వ నడుం మీద చెయ్యేసుకొని చూసింది. "ఈ నల్లటాయన ఎవల్రా?"

"తాతనే అవ్వ. మనకాడ ఫోటో లేకపాయె. అన్నదమ్ములు ఒక్క తీరుగనే ఉంటరని గిట్ల చేపిచ్చిన."

"మీ తాత మొఖం నేను చూసిన్నా, నువ్వు చూసినవా?"

"నేను పుట్టకముందే పాయె గద."

"మరి నన్నెందుకు అడుగకపోతివి?" ఆమె కూలబడింది. "జమునా, తలుపు దగ్గరికెయ్యే. నువ్వు గూడ కూసో."

చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు. పని దొరికినవాడు బెదిరి పారిపోతే వాడి పేరు మీద ఇంకొకడు దిగటం ఆ కాలపు బాయిల దగ్గర తెలిసిన సంగతే. మస్టర్‌లో పేరు పిలిస్తే పలకటానికి ఒక గొంతు ఉంటే చాలు. ఆ గొంతు ఎవరిదని అడిగే తీరిక ఎవరికీ లేదు. అట్లా పేరు మార్చుకున్నవాళ్లు చచ్చేదాకా బాయిలో ఒక పేరుతో, ఇంట్లో ఒక పేరుతో బతికారు.

"లచ్చయ్య అనెటోడు ఒక్క పూట దిగిండు," అంది సారవ్వ. "మీద కప్పు చిటపటమన్నదట. పైకొచ్చినోడు మళ్ల దిగనంటె దిగనన్నడు. మీ తాత పేరు బుచ్చన్న. మనది ఆవులోల్ల ఇల్లు. మీ తాత వానికి ఒక పొట్టేలునిచ్చి ఆ పేరు తీసుకున్నడు. వాడు పొట్టేలును తోలుకొని ఎటు పోయిండో పోయిండు. మీ తాత వాని పేరుతోటి బాయిల దిగిండు. మా అత్త చెప్పింది నాకు. కొత్త కోడలిగ వచ్చినప్పుడు, ఎవలన్న లచ్చయ్య ఇల్లేది అంటె ఇదే అని చెప్పాలె బిడ్డా అని నేర్పింది."

జమున నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వీరేందర్ ఫ్లెక్సీ కేసి చూశాడు. తాత గురించి ఏదన్నా అడుగుతాడేమోనని సారవ్వ కాచుకుంది. వాడు అడిగింది ఒకటే.

"ఇది ఇంకెవలికన్న ఎరుకనా?"

"మీ బాపుకు ఎరుక. ఏటా పెత్రమాసకు పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు అయ్యగారి చెవుల బుచ్చన్న అనే చెప్పేటోడు."

"అవ్వా, నీ కాళ్లు మొక్కుత. ఇది బయటపడ్డదంటె నా నౌకరి పోతది. తాత పేరు మీద బాపుకొచ్చె, బాపు పేరు మీద నాకొచ్చె. మొదటి పేరే మనది కాదంటె ఇగ నేనెవన్ని?"

"నౌకరి భయమున్నోడు ఫ్లెక్సీ ఎక్కుతడారా?"

వాడు వంగి ఫ్లెక్సీ అంచు అందుకున్నాడు.

"నువ్వు ఎవని మనుమనివన్న గాని, నాకేం ఫికర్ లేదు," అంది సారవ్వ. "ఈ ఏడు మీ బాపు లేడు. బియ్యం నువ్వు ఇయ్యాలె. మీ తాతకు ఆయన పేరు మీదనే ఇయ్యి. బతికినన్ని రోజులు పరాయి పేరుకు పలికిండు. ఏడాదికొక్క పూట తన పేరు ఇంటడు. పేరు తప్పు చెప్పి ఇస్తె ఆ బియ్యం ఆయన ముట్టడు."

"సరే సరే," అన్నాడు వీరేందర్, ఫ్లెక్సీ చుట్టుకుంటూ. ఆ సరే ఎంత తేలికగా వచ్చిందో ఆమె గమనించింది.

పెద్దల అమావాస్య అయిన పెత్రమాస పొద్దున క్వార్టర్ ముందుకు ప్లాస్టిక్ కుర్చీలు దిగినప్పుడు సారవ్వకు సంగతి అర్థమైంది. పొద్దెక్కినాక కారు వచ్చి ఆగింది. కామేశ్వరరావు దిగాడు. వెనక నుంచి తెల్లటి మనిషి ఒకాయన దిగాడు. చంద్రమౌళి కొడుకు వేణుమాధవ్, హైదరాబాద్ నుంచి వచ్చాడట. అన్నగారి వంశం అన్నగారికి బియ్యం ఇస్తుంటే ఫోన్లో వీడియో తీసి శతజయంతి సభలో చూపించాలని కామేశ్వరరావు ఆలోచన.

"ఆ ముక్కు చూడండి వేణుమాధవ్‌గారూ, అచ్చు నాన్నగారిదే!" అన్నాడు కామేశ్వరరావు, వీరేందర్ మొహాన్ని గడ్డం పట్టుకొని పక్కకు తిప్పి.

సారవ్వ గారెల పిండి కలుపుతూ విన్నది. ఆ ముక్కు ఆమె తోడబుట్టిన అన్న ముక్కు. రామగిరి దిక్కు బర్లు కాసుకుంటూ బతికి పోయిన మనిషి. ఆయనకు ఇంత కీర్తి దక్కుతుందని ఎవరనుకున్నారు?

"కాకా, టీ తాగుతవా?" అని వీరేందర్ వేణుమాధవ్ చుట్టూ తిరుగుతున్నాడు. చూసినప్పుడల్లా కాకా. ఇంత తొందరగా చుట్టరికం కలిపినవాణ్ని సారవ్వ జన్మలో చూడలేదు.

కాసేపటికి వేణుమాధవ్ చేతులు కడుక్కోవటానికి వెనక నల్లా దగ్గరికి వచ్చాడు. ఆమెను చూసి నవ్వాడు. "బాగున్నరా, వదినా?"

సారవ్వ చేతికంటిన పిండి విదిలించింది. "ఒకటి అడుగుత, చెప్తవా? లచ్చయ్య ఎప్పుడు పోయిండు?"

"మీ మామనే కద వదినా, మీకే తెల్వాలె."

"నా మామ సంగతి నాకెరుక. నేను అడిగింది లచ్చయ్య సంగతి."

వేణుమాధవ్ తలుపు కేసి చూశాడు. ఎవరూ లేరు. నల్లా కట్టేశాడు.

"మా ఇంట్లనే పోయిండు," అన్నాడు చిన్నగా. "నాన్న ఆ పుస్తకం రాసినంక ఒకనాడు పెద్దనాన్న బొంబాయి నుంచి దిగిండు. అప్పటికే జనమంతా చదివి ఏడ్చేసిండ్రు. బతికే ఉన్నడని ఇగ ఎట్ల చెప్తరు? ఇంటి వెనక రేకుల అర్రల పెట్టిండ్రు. చెట్లకు నీళ్లు పెట్టుకుంట ఉండేటోడు."

"ఎవలన్న వస్తె?"

"తోటమాలి అనేటోల్లం."

సారవ్వ అతణ్ని పైనుంచి కిందికి చూసింది. మంచి బట్ట, మంచి చెప్పులు, చదువుకున్న మొహం. వీడికీ తెలుసు, తన కొడుక్కీ తెలుసు. ఒకడికి తాత కావాలె, ఒకడికి అన్న కొడుకులు కావాలె. నడుమ నిజంగా ఏడ్చేది ఆ కోస్తా పిచ్చాయన ఒక్కడే.

"లచ్చయ్యకు బియ్యం ఇస్తరా మరి?"

"పొద్దుగాలనే ఇచ్చి కారెక్కిన, వదినా."

"మళ్ల వదిననే అంటివి."

"సభ అయ్యేదాకనన్న అననియ్యిండ్రి," అన్నాడు వేణుమాధవ్. చేతులు తుడుచుకొని ముందుకు పోయాడు.

బియ్యం ఇప్పించే అయ్యగారు వచ్చి వరండాలో పీట మీద కూర్చున్నాడు. అప్పటికే ఎన్నో ఇండ్లు తిరిగి గొంతు బొంగురు పోయి ఉంది. ఇంకా ఆ వరసలోని క్వార్టర్లన్నీ మిగిలే ఉన్నాయి. అన్ని వరండాల్లోనూ జనం స్నానాలు చేసి కాచుకొని ఉన్నారు. వీరేందర్ అంగీ విప్పి, తువ్వాల కప్పుకొని ఎదురుగా కూర్చున్నాడు. సారవ్వ బియ్యం, పప్పు, చింతపండు, గుమ్మడి ముక్క, తోటకూర కట్ట పెట్టిన చాటతో పక్కన నిలబడింది. కామేశ్వరరావు ఫోన్ పైకెత్తాడు.

ముందు సదయ్య పేరు చెప్పారు. అది సాఫీగా జరిగిపోయింది.

"తాత పేరు?" అన్నాడు అయ్యగారు.

వీరేందర్ ఫోన్ కేసి కొద్దిగా తిరిగి, తల పైకెత్తి, "పన్నూరి లచ్చయ్య," అన్నాడు.

అయ్యగారు చాట కోసం చెయ్యి చాచాడు. సారవ్వ ఇవ్వలేదు.

"ఇవ్వమ్మా."

"పేరు తప్పు చెప్పిండు, అయ్యగారూ."

"పెద్దావిడ పొరబడుతున్నట్టున్నారు," అన్నాడు కామేశ్వరరావు మెత్తగా.

"పొరపాటేం లేదు సారూ. లచ్చయ్యకు పొద్దుగాలనే ముట్టింది. కావాలంటె గా సారును అడుగు."

వేణుమాధవ్ ఎవరి వైపూ చూడలేదు. ప్లేట్లోని గారెను రెండు ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్లీ కలిపి పెట్టాడు.

"అవ్వా!" వీరేందర్ పళ్లు బిగించాడు. "నౌకరి..."

"సభల కుర్చీ నువ్వే ఎక్కు, దండలు నువ్వే ఏసుకో, గా నల్లబొమ్మను చౌరస్తల కట్టుకో. నేను వద్దన్ననా?" సారవ్వ గొంతు పెరగలేదు. చాట మీద పట్టు మాత్రం బిగిసింది. "ఈ బియ్యం మాత్రం ఆయనయి. ఇంకొకనికి పోనియ్య."

"జల్ది తేల్చుకోండి," అన్నాడు అయ్యగారు. "నాకు పేరు కావాలె, చాట కావాలె. రెంట్ల ఏది లేకున్నా లేచిపోత."

పెద్దలకు బియ్యం ఇయ్యని ఇల్లంటే కాలనీలో ఏమనుకుంటారో వీరేందర్‌కు తెలుసు. వాడు ఒకసారి తల్లిని చూశాడు, ఒకసారి ఫోన్‌ను చూశాడు. "సార్, గా ఫోన్ బంద్ చెయ్యుండ్రి," అన్నాడు. కామేశ్వరరావు అయోమయంగా ఫోన్ దించాడు. వీరేందర్ ముందుకు వంగి అయ్యగారి చెవిలో గొణిగాడు. "ఆవుల బుచ్చన్న."

అయ్యగారు మళ్లీ చెయ్యి చాచాడు.

"నాకినవడలే," అంది సారవ్వ.

"అయ్యగారికి ఇనవడ్డది గద!"

"ఇనవడాల్సింది అయ్యగారికి కాదురా. బాయిల మందుగుండు మోతకు మీ తాతకు రెండు చెవులూ పోయినయి. పక్కన కూసొని పిలిచినా పలికేటోడు కాదు. గట్టిగ చెప్పు."

వీరేందర్ చుట్టూ చూశాడు. ఆ వరండాలో ఒకరు, ఈ వరండాలో ఒకరు, అందరూ చాటలు పట్టుకొని ఇటే చూస్తున్నారు. వాడి మెడ నరాలు ఉబ్బాయి.

"ఆవుల బుచ్చన్న!" అని అరిచాడు.

సారవ్వ వంగి చాటను అయ్యగారి చేతుల్లో పెట్టింది. చీర కొంగుతో మొహం తుడుచుకుంది, అంతే.

కామేశ్వరరావు ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూశాడు. "ఈ బుచ్చన్నగారెవరండీ?" అన్నాడు చివరికి. "ఆయన కూడా ఏమైనా రాశారా?"

"ఏం రాయలే సార్," అంది జమున. "గారెలు సల్లారుతున్నయి, తినుండ్రి."

ఎదురు క్వార్టర్ వరండాలో లింగవ్వ తన కొడుకును మోచేత్తో పొడిచింది. "ఇన్నవు గద? మన కాడికి వచ్చినప్పుడు నువ్వు గూడ అయ్యగారి చెవుల గొణుగకు, గట్టిగనే చెప్పు. మీ తాతకు గూడ చెవులు లేవు."