చెత్తబుట్టలో దాచుకున్న బొమ్మలు

ఆ ఇంట్లో కంప్యూటరు అందరిదీ. ఈ మాట ఆ ఇంటి కొడుకు, వచ్చిన ప్రతివారికీ కాస్త గర్వంగానే చెబుతుండేవాడు. హాల్లో సోఫా పక్కన, బల్ల మీద ఉండేది ఆ కంప్యూటరు. దానికి పాస్‌వర్డ్ లేదు. మీట నొక్కితే చాలు, ఎవరికైనా తెరుచుకునేది. "మా ఇంట్లో దాపరికాలు లేవండీ" అనేవాడతను. అందరిదీ అన్న వస్తువులో ఎవరి వాటా ఎంతో చూసే అలవాటు మనకు లేదు కాబట్టి, విన్నవాళ్లు కూడా బాగుందనే అనేవారు.

తెర మీద చూస్తే ఆ ఇంటి మనుషులంతా కనిపించేవారు. బీమా కంపెనీలో పనిచేసే కొడుకు ఆఫీసు కాగితాలు, బడికి వెళ్లే మనవరాలి ఆటలు, ఇంటి పెద్దాయన పొద్దున్నే నడకకు వెళ్లినప్పుడు తీసిన పువ్వుల ఫొటోలు. కోడలివి మాత్రం ఏమీ కనిపించేవి కావు. ఆమెకు కంప్యూటరుతో పనేముంటుందని అందరూ అనుకునేవారు. ఉందా అని ఎవరూ అడగలేదు.

ఉంది. కోడలికి పెళ్లికి ముందు బొమ్మలు వేసే అలవాటు ఉండేది. తర్వాత మానేసింది. మానేయమని ఎవరూ అనలేదు, వేసుకునే వీలు మాత్రం ఎవరూ కల్పించలేదు. అలాంటిది రెండేళ్ల కిందట ఆమె తల్లికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆసుపత్రి మంచం మీద ఆ తల్లి ఎడమ చెయ్యి ఎత్తి ఏదో చూపించేది. నీళ్లు తెచ్చిస్తే కాదని తల ఊపేది. దిండు సర్దితే అదీ కాదనేది. చివరికి విసిగి ఏడ్చేది. ఒకరోజు మధ్యాహ్నమంతా అలా గడిచాక తెలిసింది, ఆమె అడుగుతున్నది మీద కప్పిన దుప్పటి తీసేయమని. మనిషి ఉక్కతో అల్లాడిపోతోంది. మర్నాడు కూతురు ఒక అట్టముక్క మీద, దుప్పటి లాగుతున్న చేతి బొమ్మ వేసి తీసుకెళ్లింది. తల్లి దాని మీద వేలు పెట్టింది. జబ్బు చేశాక ఆమె నవ్వడం అదే మొదలు.

అప్పటి నుంచి కోడలు ఆ బొమ్మలను కంప్యూటరు మీదే వేయడం మొదలుపెట్టింది. అక్కడైతే చెరిపి మళ్లీ వేసుకోవచ్చు. ఆకలి, దాహం, లైటు ఆర్పు, పక్కకు తిప్పు, నా కూతుర్ని పిలువు. ఒక్కో బొమ్మా కాగితం మీద దించి తల్లికి చూపించి, ఆమె తల ఊపితేనే ఉంచేది. 'నొప్పి' బొమ్మ దగ్గర తల్లి చాలా సతాయించింది. ఏడుస్తున్న ముఖం వేస్తే కాదంది. తల పట్టుకున్న మనిషిని వేస్తే కాదంది. చివరికి ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, ఒట్టి మనిషి ఆకారాలు రెండు వేసి ఇస్తే, నడుము దగ్గర వేలు పెట్టి చూపించింది. నొప్పి అంటే ఎక్కడో చెప్పగలగాలి కదా! ఆ తర్వాత కొన్నాళ్లకు తల్లి పోయింది, ఆ కాగితాలూ ఆసుపత్రిలోనే పోయాయి. పక్క మంచాల మీద మాట రాని వాళ్లు ఇంకా ఉన్నారని కూతురు వేస్తూనే ఉంది.

ఒక ఆదివారం కొడుకు స్నేహితులు వచ్చారు. విహారయాత్ర ఫొటోలు చూపించబోయి అతను పొరపాటున పక్కనే ఉన్న ఆమె ఫోల్డరు తెరిచాడు. తెర నిండా కమోడు బొమ్మ ప్రత్యక్షమైంది.

"చూశారా మా ఆవిడ కళాపోషణ! ఎవరైనా కొండలు, సెలయేళ్లు వేస్తారు. ఈవిడ బాత్‌రూం వేసింది!"

అందరూ పగలబడి నవ్వారు. టీ కప్పులు అందిస్తున్న ఆమె కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? ఆ బొమ్మ లేక ఆసుపత్రిలో ఒక పెద్దాయన పక్క తడుపుకుని సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకున్న సంగతి ఆ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసు. అంతమంది నవ్వుల మధ్య ఆ మాట ఎలా చెబుతుంది? మర్నాడు కొడుకు ఆ ఫోల్డరును తీసుకెళ్లి కూతురి ఆటల్లో పడేశాడు. పిల్లల బొమ్మలు పిల్ల ఫైళ్లలో ఉంటేనే శుభ్రంగా ఉంటుందట. ఆ రోజు నుంచి భార్యను "ఆర్టిస్టుగారూ" అని పిలవడం కూడా మొదలుపెట్టాడు. అతను చెడ్డవాడు కాడు. సరదా మనిషి. సరదా మనుషుల వల్ల ఇళ్లల్లో ఎన్ని పనులు ఆగిపోయాయో ఎవరూ రాసిపెట్టలేదు.

ఆమె పోట్లాడలేదు. తన బొమ్మలకు ఎవరి చెయ్యీ తగలని చోటు కోసం చూసింది. ఏ ఫోల్డరులో పెట్టినా ఎవరో ఒకరు తెరుస్తారు. ఎవరూ తెరవని చోటు ఒక్కటే కనిపించింది. అక్కరలేదని తీసేసిన ఫైళ్లు వెళ్లి పడే చెత్తబుట్ట. అందులో పడేసినవాటిని మళ్లీ వెనక్కి తీసుకోవచ్చని ఆమె అనుకోకుండా ఒకసారి తెలుసుకుంది. ఇక అదే పద్ధతి అయిపోయింది. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక బొమ్మలను బుట్టలోంచి పైకి తీసేది. వేసుకున్నంత సేపు వేసుకుని, పిల్ల బడి నుంచి వచ్చే వేళకు మళ్లీ బుట్టలో పడేసేది.

ఇది చదివి కొందరు నవ్వుకుంటారని నాకు తెలుసు. పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చుగా అంటారు. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెన్‌డ్రైవ్ కారులో పాటలు పాడుతుండేది. ఇంకొకటి కావాలంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే ఇంకోసారి నవ్వుతారు. అడగకపోవడమే నయమనుకుంది.

ఇలా ఉండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మాట పడిపోయినవాళ్లకు మాటలు నేర్పించే డాక్టరమ్మ చేసింది.

"మీ అమ్మగారి దగ్గర మీ బొమ్మలు చూశానమ్మా. ఇంకా ఏమైనా వేశారా?"

"చాలా వేశానండీ."

"అయితే సోమవారం అన్నీ పట్టుకురండి. మా దగ్గర దీనికోసమే కొత్త విభాగం పెడుతున్నారు. మనిషిని ఆ రోజే ఎంచుకోవాలి. నేను మీ పేరు చెప్పాను. బొమ్మలు చూపిస్తే చాలు, మా పెద్దవాళ్లు కాదనరు."

ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరేమన్నా ఆమెకు వినిపించలేదు. ఉద్యోగం ఖాయమయ్యాకే ఇంట్లో చెబుదామనుకుంది.

ఇక మామగారి సంగతి. ఆయన ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరుగా చేసి రిటైరయ్యారు. శనివారం స్టోరుకు తాళం వేసే ముందు తుక్కు తొట్టి ఖాళీగా కనిపించకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు. ఈ మధ్య లైబ్రరీలో పెద్దవాళ్లకు సాయంత్రం పూట కంప్యూటరు క్లాసులు పెడితే, చేరి శ్రద్ధగా నేర్చుకుంటున్నారు. కంప్యూటరు నెమ్మదిస్తే ఏం చేయాలో ఆ వారమే చెప్పారు. అక్కరలేని ప్రోగ్రాములు తీసేయాలి, చెత్తబుట్ట ఖాళీ చేయాలి. ఆయనకు కోడలు గుర్తొచ్చింది. మధ్యాహ్నం ఆమె ఆ బల్ల దగ్గర కూర్చుని "ఇదెక్కడి డబ్బారా బాబూ, కదలదు" అని గొణుక్కోవడం రెండు మూడుసార్లు విన్నారు. వంటలు చూసుకుంటుంది కాబోలు, పాపం, ఆ పిల్లకు కాస్త సుఖంగా ఉంటుందనుకున్నారు.

శనివారం సాయంత్రం ఆయన కళ్లజోడు పెట్టుకుని కూర్చుని, చెత్తబుట్ట మీద నొక్కారు. వీటిని శాశ్వతంగా తీసేయమంటారా అని కంప్యూటరు అడిగింది. ఆ ఇంట్లో ఆ మాట అడిగింది అదొక్కటే. ఆయన అవునన్నారు.

సోమవారం పొద్దున్న కోడలు, పిల్ల ప్రాజెక్టుకని భర్త దగ్గర పెన్‌డ్రైవ్ అడిగి తీసుకుంది. భర్త, పిల్ల వెళ్లాక కంప్యూటరు ముందు కూర్చుంది. కాసేపటికి మామగారు పేపరు మడుస్తూ హాల్లోకి వచ్చారు.

"మామయ్యగారూ, ఇందులో చెత్తబుట్ట ఎవరైనా ఖాళీ చేశారా?"

"నేనేనమ్మా! చూశావా, ఎంత చకచకా తెరుచుకుంటోందో? నీకోసమే చేశాను. బోలెడంత చెత్త ఉందిలే అందులో."

"మంచిదండీ" అంది ఆమె. లేచి వంటింట్లోకి వెళ్లి పంపు తిప్పింది. నీళ్లు పోతూనే ఉన్నాయి గానీ గిన్నెల చప్పుడు లేదు. ఆయన వెళ్లి చూస్తే, కోడలు సింకు అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. ఏమిటమ్మా, ఏమైందమ్మా అని బతిమాలితే గానీ సంగతి బయటికి రాలేదు. విన్నాక ముసలాయన కొడుక్కి ఫోన్ చేసి, అక్కడే స్టూలు మీద కూలబడ్డారు.

కొడుకు ఆఫీసు నుంచి పరుగున వచ్చాడు. పోయిన ఫైళ్లు తెచ్చిపెడతామనే ప్రోగ్రామును అదే కంప్యూటరులోకి దించాడు. అది పని చేయకపోతే ఇంకొకటి దించాడు. ముందురోజు, ఆదివారం, సినిమాలు కూడా అందులోకే దించి ఉన్నాడు. చివరికి రిపేరు షాపాయన్ను పిలిపిస్తే, ఆయన తల పట్టుకున్నాడు.

"ఫైళ్లు పోయాయని తెలియగానే కంప్యూటరు ఆపేసి పెట్టాలి సార్. ఖాళీ చేసినా వెంటనే పోవు, ఆ జాగా మీద ఇంకేదైనా వచ్చి పడేదాకా ఒక్కోసారి దొరుకుతాయి. మీరేమో అదే డిస్కు మీద సినిమాలూ ప్రోగ్రాములూ పోసేశారు. ఇప్పుడు నేనేం చేసేది?"

సాయంత్రం దాకా కుస్తీ పడితే దొరికినవి కొన్ని. వాటిలో సగం తెరుచుకోలేదు. తెరుచుకున్న వాటిలో సగం బొమ్మ ఉంటే సగం బూడిదరంగు. మనిషి ఆకారాల బొమ్మ రానేలేదు.

"అయినా చెత్తబుట్టలో ఎవరైనా దాచుకుంటారా?" అన్నాడు కొడుకు విసుగ్గా.

"మరి ఎక్కడ దాచుకోనండీ?" అంది ఆమె.

ఆ మాట మామగారూ విన్నారు. ఫ్యాక్టరీలో విరిగిన బోల్టును తుక్కులో వేయాలన్నా, ఆ విభాగం ఫోర్‌మన్‌ను పిలిచి "ఇది నీకు పనికొస్తుందా నాయనా" అని అడిగిన మనిషి ఆయన. సొంత ఇంట్లో కోడలిని ఒక్క మాట అడగాలని తోచలేదు.

ఆ సోమవారం చూపించడానికి ఆమె చేతిలో ఏమీ లేకపోవడంతో ఆసుపత్రి వాళ్లు ఇంకొకరిని తీసుకున్నారు. డాక్టరమ్మ ఫోన్‌లో బాధపడింది. "మళ్లీ అవకాశం వస్తే చెబుతానమ్మా" అంది.

ఆ వారమే కొడుకు కంప్యూటరులో ఒక్కొక్కరికీ విడిగా ఖాతా తెరిచాడు. భార్య పేరు తనే టైపు చేసి, పాస్‌వర్డ్ పెట్టుకోమని కుర్చీ ఇచ్చి, ముఖం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు. రెండు కొత్త పెన్‌డ్రైవ్‌లు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆర్టిస్టుగారూ అని పిలవడం మానేశాడు. ఆమె అన్నిటికీ థాంక్స్ చెప్పింది. కానీ ఆ ఖాతా తెరవలేదు. నెల దాటాక మామగారు ఉండబట్టలేక అడిగారు.

"మళ్లీ వేయరాదా అమ్మా? వేసిన చెయ్యే కదా."

"చెయ్యి నాదే మామయ్యగారూ. కానీ తల ఊపి ఒప్పుకోవడానికి అమ్మ లేదుగా" అంది ఆమె, మెల్లగా.

అంతకన్నా ఆయన ఏం అడగగలరు? మామగారు ఆ బాధ మనసులో పెట్టుకునే క్లాసుకు వెళ్తూ వచ్చారు. క్లాసు ముగిసే రోజున, తలా ఒక మాట చెప్పమని మాస్టారు అడిగారు. ఒకరు వీడియో కాల్ నేర్చుకున్నానన్నారు. ఒకరు ఇంటి నుంచే రైలు టికెట్టు తీస్తున్నానన్నారు. స్టోర్‌కీపరుగారు లేచి, జరిగినదంతా దాచకుండా చెప్పారు.

"కంప్యూటరు నెమ్మదిస్తే శుభ్రం చేయండి, తప్పు లేదు" అన్నారాయన. "కానీ చేసే ముందు ఇంట్లో అందరినీ అడగండి. ఎవరి ఖాతా వాళ్లకు పెట్టండి. దాచుకోదగ్గది ఏదైనా ఇంకోచోట నకలు తీసి పెట్టండి. పొరపాటున పోతే, ఆ యంత్రాన్ని ముట్టుకోకుండా ఆపేసి తెలిసినవాళ్లను పిలవండి. ఇవన్నీ మాస్టారు చెప్పినవే, నేనే సరిగ్గా వినలేదు."

"మరి మీ కోడలు మళ్లీ వేస్తోందా అండీ?" అని ముందు వరసలోంచి ఒకావిడ అడిగింది.

"లేదమ్మా" అన్నారాయన. "ఆ బుట్ట ఖాళీ చేసింది నేనే, ఒప్పుకుంటాను. కానీ ఆ పిల్ల పని అందులోకి చేరేదాకా చూడనిది మా ఇల్లంతా. మీరు ఇంటికి వెళ్లగానే మీవాళ్లను ఒక్క మాట అడగండి, నీ పని ఎక్కడ పెట్టుకుంటున్నావని. ఇంట్లో ఒక మనిషి తన పనిని దాచుకోవలసి వచ్చిందంటే, అది పోవడానికి ఎవరూ మీట నొక్కనక్కరలేదు, ఆ ఇల్లు దాన్ని అప్పటికే పారేసినట్టు."